ఐదేళ్ళ జవాబు

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికన్నా ముందు నిద్ర లేచేది మాస్టారి గొంతు. మనిషి ఇంకా మంచం దిగకముందే గొంతు సవరించుకోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ముందుగదిలో కుర్చీలు వరసగా వేసి, బోర్డు తుడిచి, కిటికీలు బార్లా తీసేసరికి మొదటి బ్యాచ్ పిల్లలు గేటు తోసుకుని వచ్చేస్తుంటారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్ళేవాళ్ళకి ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో నేర్పడం ఆయన వృత్తి. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది కాబట్టి వీధి వీధంతా ఆయన్ని జవాబుల మాస్టారు అని పిలుస్తుంది. ఆ పేరంటే ఆయనకి లోలోపల బోలెడు మురిపెం.

"ఆ కుర్చీలు ఈడ్వకుండా కాస్త ఎత్తి పెట్టకూడదూ? వారానికి నాకున్నది ఒక్క సెలవు. మీ చప్పుడుకి చచ్చినవాళ్ళు కూడా లేచి ఇంటర్వ్యూకి వచ్చేస్తారు" అని వంటింట్లోంచి భార్య కేకేసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వారమంతా రోగుల మీద చూపించే ఓర్పుకి సెలవు రోజున ఆవిడ కూడా సెలవిచ్చేస్తుంది.

"ఇవాళ పడుకునే రోజా? మన చిట్టికి అంత పెద్ద కంపెనీలో ఉద్యోగం వస్తే!" అంటూ మాస్టారు వంటింట్లోకి వచ్చి కూతురి తల నిమిరారు. "వచ్చే నెల చేరమన్నారు. ఇక ఆ బూట్ల కొట్టుకి దణ్ణం పెట్టెయ్యి."

చిట్టి టీ వడకడుతోంది. మొహంలో సంతోషం ఉంది గాని అది అంతటా పరుచుకోలేదు. "మేడంకి ఇవాళే చెప్పేస్తాను నాన్నా. ఇప్పటికే రెండు రోజుల్నించి నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను."

"తొందరేముంది? వెళ్ళేముందు చెప్తే చాలు. ఇప్పుడే చెప్పావనుకో, ఉన్నన్నాళ్ళూ మూతి ముడుచుకుని కూర్చుంటుంది."

"కొట్లో ఆ చంటిపిల్లకి కుడుతున్న బూట్ల జత సగంలో ఉంది నాన్నా. ఇంకా కొలతలు..."

"నువ్వు లేకపోతే ఊళ్ళో జనం నడవడం మానేస్తారా ఏంటి?" అని నవ్వేసి, మాస్టారు టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయారు.

చిట్టి పనిచేసేది బజారు చివర ఒక బూట్ల వర్క్‌షాపులో. అందరూ వెళ్ళే కొట్టు కాదది. ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ ఉన్నవాళ్ళు, పాదం లోపలికి తిరిగిపోయిన పిల్లలు, రోజంతా నిలబడి నిలబడి మడమ నేల మీద ఆన్చలేనివాళ్ళు అక్కడికి వస్తారు. గుమ్మం దాటగానే నేల మీద పొడుగ్గా ఒక తెల్లగీత ఉంటుంది. వచ్చినవాళ్ళని ముందు దాని మీద అటూ ఇటూ నడిపించి, వెనకనించి వంగి చూస్తుంది ఆ కొట్టు నడిపే పెద్దావిడ. నడక చూశాకే మాట. ఆ తర్వాత పాదానికి తడి సున్నం పట్టీలు చుట్టి అచ్చు తీస్తుంది. వెనకగది అరల నిండా అట్లాంటి తెల్లటి పాదాలే. కొత్తవాళ్ళు చూస్తే ఉలిక్కిపడతారు.

నర్సుగారికి డ్యూటీలో నిలబడలేక కళ్ళనీళ్ళు వచ్చే రోజుల్లో బూట్లు కుట్టిచ్చి నిలబెట్టింది ఆ పెద్దావిడే. ఏడాది కిందట సహాయానికి మనిషి కావాలని ఆవిడ అన్నప్పుడు, చదువైపోయి ఇంట్లో కూర్చున్న చిట్టిని పంపించింది కూడా నర్సుగారే. మాస్టారికి అది పెద్దగా రుచించలేదు. అయినా ఏ మెట్టూ లేనిచోట ఏదో ఒక మెట్టు అనుకుని, కూతురిని ముందురోజు కూర్చోబెట్టి పాఠాలన్నీ వల్లె వేయించారు. చిట్టి వెళ్ళి వాటిని అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. ఆయన అనుకోనిదల్లా, ఆ పిల్లకి ఆ పని నచ్చడం. రోడ్డు మీద వెళ్తుంటే మనుషుల మొహాలు మానేసి కాళ్ళు చూడటం మొదలుపెట్టింది. "అమ్మా, ఆయన ఎడమవైపు ఎక్కువ వాలుతున్నాడు చూడు" అంటూ నడిరోడ్డు మీద ఆగిపోయేది. మాస్టారికి ఇదంతా పిచ్చిలా తోచి, బూట్లు తయారుచేసే ఒక పెద్ద కంపెనీకి తానే దరఖాస్తు పెట్టించారు. కంపెనీ పేరు చదివాక చిట్టి కూడా కాదనలేదు.

ఆ రోజు పాఠం సగంలో ఉండగా గేటు చప్పుడైంది. చూస్తే పెద్దావిడ. ఎప్పుడూ వంటి మీద ఉండే తోలు ఏప్రన్ లేదు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిలో పళ్ళ సంచితో, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా నిలబడింది. ఆ వేళప్పుడు ఆవిడ కొట్టు మూసి బయటికి రావడం ఎవరూ ఎరగరు.

కంపెనీ సంగతి ఎవరో చెప్పేసి ఉంటారనుకున్నారు మాస్టారు. కాని ఆవిడ మొహం చూస్తే వెలిగిపోతోంది.

"పాఠం ఆపకండి మాస్టారూ, ఇక్కడే కూర్చుంటాను. పిల్లల ముందు చెప్పకూడని మాటేం కాదు" అంటూ ముందువరసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది. "నర్సమ్మా, నువ్వూ రా. చిట్టేదీ?"

తల్లీ కూతుళ్ళు లోపలి గుమ్మం దగ్గరికొచ్చారు. చిట్టి చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది.

"పెద్ద షోరూముల వాళ్ళు నా కొట్టు కొంటామని ఏడాదిగా చుట్టూ తిరుగుతున్నారు. నిన్న సాయంత్రం ఆఖరుసారి వచ్చారు. ఇంకెప్పుడూ రావద్దని చెప్పి పంపించేశాను."

"అదేంటక్కా! మరి మీ చేతులు..." అని ఆగిపోయింది నర్సుగారు.

"చేతుల సంగతి తెలిసే చెప్పాను." ఆవిడ కుడిచెయ్యి పైకెత్తింది. వేళ్ళ కణుపులు ఉబ్బి గట్టిపడి ఉన్నాయి. "దారం గుంజలేకపోతున్నాను. పిల్ల ముందు బయటపడకూడదని కత్తెర ఏదో వంకన దాని చేతికే ఇస్తున్నాను. వాళ్ళకి అమ్మితే ఏం చేస్తారు? అచ్చులన్నీ చెత్తలో పోసి, అద్దాల అరలు పెట్టుకుంటారు. మరి నా పిల్లలు? పెరిగే పాదాలవి. ఇవాళ కుట్టిన జత ఏడాది తిరిగేసరికి పట్టదు. చంటిది సరిగ్గా నడవాలంటే ఏళ్ళ తరబడి ఒకే చెయ్యి దాని కాలు పట్టుకుని చూడాలి. అందుకే నిశ్చయించుకున్నాను మాస్టారూ. మెల్లిగా అంతా నేర్పి, కొట్టు మీ అమ్మాయి చేతిలో పెడతాను. ఆ మాట మీ ఇంటికొచ్చి చెప్పాలనిపించింది."

గదిలో పిల్లలంతా చిట్టివైపు అబ్బురంగా చూశారు. చిట్టి మాత్రం గ్లాసులో నీళ్ళకేసి చూస్తోంది. ఎంతటి కొరకరాని ప్రశ్నకైనా మూడు రకాల జవాబులు చెప్పగల మాస్టారికి ఒక్క ముక్కా దొరకలేదు.

సరిగ్గా అప్పుడే ముందువరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ప్రశ్న అడిగితే మాస్టారు మెచ్చుకుంటారని పాపం ఆ పిల్లకి తెలుసు. "మేడం, చిట్టక్క మీద మీకంత నమ్మకం ఎలా కుదిరిందండీ?"

"బాగా అడిగావమ్మా" అంది పెద్దావిడ. "ఆ రోజు చాలామంది వచ్చారు. అందర్నీ ఒక్కటే అడిగాను, ఇంకో ఐదేళ్ళకి ఎక్కడుంటావు, ఏం చేస్తుంటావు అని. ఒకబ్బాయి చూద్దామండీ అన్నాడు. ఒకామె ఇంట్లోవాళ్ళని అడిగి చెప్తానంది. మీ చిట్టక్క నా కళ్ళలోకి చూసి చెప్పింది. ఆ మాటలు నాకు ముక్కముక్కా గుర్తే. చేతులు పోటు పెట్టినప్పుడల్లా అవే అనుకుంటాను, కాస్త ధైర్యంగా ఉంటుంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసుకునేవాళ్ళలా మెల్లిగా మొదలుపెట్టింది.

"ఐదేళ్ళకి నేను ఇక్కడే ఉంటాను. మీరు నేర్పిన పని నా చేతిలో నిలిచి ఉంటుంది..."

వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరు జవాబు మొదలుపెడితే మిగతావాళ్ళంతా అందుకుని పూర్తి చెయ్యాలి. ఆ క్లాసులో అది మాస్టారు పెట్టిన పద్ధతే, రోజూ జరిగేదే. పిల్లలు హుషారుగా, ఒక్క గొంతుతో, గోడలు దద్దరిల్లేలా అందుకున్నారు.

"మీరు నిశ్చింతగా ఉండేలా, మీ పేరు నిలబెట్టే మనిషినై ఉంటాను!"

"శభాష్!" అన్నారు మాస్టారు.

ఆయన అనాలని అన్నది కాదు. రోజూ ఆ చోట అనే మాట, దానంతటది నోట్లోంచి జారిపోయింది. జారాక గాని ఏం జరిగిందో తెలియలేదు. తల కొట్టేసినట్టయింది ఆయనకి. చేతిలో సుద్దముక్క రెండు ముక్కలై కింద పడింది.

పెద్దావిడ కళ్ళు తెరిచింది. పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. వాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఇది పాఠమా?" అని అడిగింది.

మాస్టారే తడబడుతూ మొదలుపెట్టారు. "అంటే మేడం... ఇంటర్వ్యూలంటే అంతే కదండీ. ఆ ఐదేళ్ళ ప్రశ్న ప్రతివాళ్ళూ అడుగుతారు. ఐదేళ్ళకేం జరుగుతుందో ఎవడికి మాత్రం తెలుసు? ఏదో ఒకటి గట్టిగా చెప్పాలి కాబట్టి చెప్తారు. అది ఉత్త జవాబని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు..."

"నాకు తెలీదు" అంది ఆవిడ.

కోపంగా అనుంటే బాగుండేది. ఏదో చిన్న సంగతి తనకి ముందే తెలియకపోయినందుకు నొచ్చుకున్నట్టు అంది. ఆ తర్వాత చిట్టివైపు తిరిగింది. "నువ్వెక్కడికైనా వెళ్తున్నావా అమ్మాయ్?"

"అవును మేడం." చిట్టి గొంతు ఆమెకే వినపడలేదు. "కంపెనీలో... వచ్చే నెల."

"వాళ్ళూ అడిగారా, ఐదేళ్ళకి ఎక్కడుంటావని?"

చిట్టి తలూపింది.

"ఏం చెప్పావు?"

చిట్టి చూపు ఆ జవాబు అప్పజెప్పిన పిల్లల మీదికి పోయింది. చెప్పక్కర్లేకపోయింది. ప్రశ్న అడిగిన అమ్మాయి తల వంచుకుని పుస్తకం అట్ట గోకుతోంది. పెద్దావిడ ఉబ్బిన వేళ్ళతో కుర్చీ పట్టుకుని లేచి, నర్సుగారి భుజం మీద ఒకసారి చెయ్యేసి, వచ్చినదారినే వెళ్ళిపోయింది. గేటు కూడా చప్పుడు కాకుండా వేసింది.

పిల్లల్ని పంపించేశారు. ముందు నోరు విప్పింది నర్సుగారే.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా? నేను డ్యూటీలో రెండు కాళ్ళ మీద నిలబడుతున్నానంటే ఆవిడ చలవ. రేపు ఆవిడ ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని చూడను?"

"నేనేం దొంగతనం నేర్పానా?" అన్నారు మాస్టారు. గట్టిగా అందామనుకున్నారు గాని గొంతు సహకరించలేదు. "లోకం నడిచే తీరు నేర్పాను. నిజం చెప్పినవాళ్ళకి ఉద్యోగాలిస్తారా? ఆ ప్రశ్నే పనికిమాలినది. గొళ్ళెం ఎక్కడుందో చూపించాను, అంతే."

"ఆవిడకి అది ప్రశ్నేనండీ! మీ కంపెనీవాళ్ళకి కాకపోవచ్చు. చేతులు పడిపోతున్న మనిషి, నా తర్వాత ఎవరని అడిగింది. దానికి మనం ఏమిచ్చాం? చిలకపలుకులు."

"సరే, తప్పే అనుకుందాం. ఇప్పుడు చెయ్యాల్సింది చూడాలి. చిట్టి వెళ్ళి, మేడం, నా పరిస్థితులు ఇట్లా వచ్చాయి, మీరంటే నాకెంతో గౌరవం, కానీ—"

"చాలు నాన్నా!"

చిట్టి అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అరిచిన పిల్లే ఉలిక్కిపడింది. ఇంకా చేతిలోనే ఉన్న గ్లాసుని బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు కూడా మీరే చెప్తున్నారు. ఆవిడకి ఏం చెప్పాలో కూడా మీరే. చిన్నప్పుడు పెద్దయ్యాక ఏమవుతావని బళ్ళో టీచరు అడిగితే, మీరు చెప్పిందే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చిన చుట్టాలు ఏమడిగినా నేను నోరు తెరిచేలోపు మీరు చెప్పేసేవారు, ఆ తర్వాత నేనూ అదే చెప్పేదాన్ని. నాకు నిజంగా ఏమవ్వాలనుండేదో గుర్తు లేదు నాన్నా. బస్సు నడపాలనుండేదో, బట్టలు కుట్టాలనుండేదో. వెతుక్కుంటే ఏమీ దొరకట్లేదు. ఆ కంపెనీవాళ్ళు అడిగినప్పుడు మేడం మొహం గుర్తొచ్చింది. ఆ మాటలే మళ్ళీ అంటుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టైంది. అయినా అన్నాను. ఎందుకంటే నా దగ్గర వేరే జవాబు లేదు. అది మీ తప్పొక్కటే కాదు, నాకూ సిగ్గు లేకపోయింది." తల్లి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మాస్టారు గోడకి చేరబడ్డారు. కాదని చెప్పడానికి ఒక్కసారైనా గుర్తొస్తుందేమోనని వెతుక్కున్నారు. ఎవరో ఏదో అడిగినప్పుడు, చిట్టి తనంతట తాను చెప్పేదాకా తాను ఊరుకున్న ఒక్క రోజు. పుట్టినరోజుకి ఏ రంగు గౌను కావాలని కొట్టువాడు అడిగినా తానే చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పిల్ల తెలివిగా కనిపించాలని తాపత్రయపడ్డాననుకున్నారు ఇన్నాళ్ళూ. ఊళ్ళో పిల్లలందరికీ మాటలు నేర్పిన తాను సొంత కూతురి నోట్లో మాట ఎప్పుడూ వినలేదని తెలిసేసరికి ఆయనకి ఎక్కడ తల పెట్టుకోవాలో తోచలేదు.

మధ్యాహ్నం రెండో బ్యాచ్‌ని రావద్దన్నారు. చిట్టి గదిలో తలుపేసుకుని ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. బయటికొచ్చి, "నేను మేడం దగ్గరికి వెళ్తున్నాను" అంది. ఏం చెప్పబోతుందో మాస్టారు అడగలేదు. అడిగే ధైర్యం లేక కూడా అడగలేదు. "నేనూ రానా?" అని మాత్రం అన్నారు.

ముగ్గురూ వెళ్ళేసరికి పెద్దావిడ కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉంది. ఏప్రన్ కట్టుకుంది. చంటిదాని బూటు, అరచేతిలో పట్టేంతది, మోకాళ్ళ మధ్య బిగించి దారం లాగుతోంది. వేళ్ళు మాట వినక పంటితో లాగుతోంది. చిట్టి గబుక్కున వెళ్ళి అందుకోబోయింది.

"వదిలెయ్. అలవాటు చేసుకోవాలిగా" అంది ఆవిడ.

చిట్టి చాచిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. మాస్టారు రెండు చేతులూ జోడించారు. "తప్పు నాదండీ. పిల్లదేం లేదు. ఆ మాటలు నేను..."

"మీరు కూర్చోండి మాస్టారూ. నేను మాట్లాడాల్సింది మీతో కాదు." ఆవిడ బూటు బల్ల మీద పెట్టి చిట్టివైపు తిరిగింది. "మళ్ళీ అడుగుతున్నాను. ఐదేళ్ళకి ఎక్కడుంటావు?"

"చిట్టి ఉద్దేశం ఏంటంటేనండీ..." అని మాస్టారి నోట్లోంచి అప్పుడే వచ్చేసింది. నర్సుగారు జబ్బ మీద గిల్లబోయి ఆగింది. ఆయనే చేత్తో నోరు మూసుకున్నారు. చేసిన తప్పు అక్కడే మళ్ళీ చేసినందుకు చెవులు కాలిపోయాయి.

చిట్టి చాలాసేపు మాట్లాడలేదు. బజార్లో ఎవరో బండి హారను కొట్టుకుంటూ పోయారు. ఆ నిశ్శబ్దంలో జవాబులు ఎన్నో మాస్టారి నాలుక చివరికొచ్చి వెనక్కి పోయాయి.

"వెళ్ళాలనుంది మేడం" అంది చిట్టి చివరికి. "ఇక్కడ ఇష్టం లేక కాదు. ఇక్కడికి వచ్చాకే నాకేదైనా ఇష్టమని తెలిసింది. కానీ వేరేచోట ఎట్లా చేస్తారో, పెద్ద పెద్ద మిషన్లు ఎట్లా పనిచేస్తాయో చూడాలనుంది. అక్కడ నచ్చుతుందో లేదో తెలీదు. తిరిగొస్తానని కూడా చెప్పలేను. ఐదేళ్ళకి ఎక్కడుంటానో నిజంగా తెలీదు. కొట్టు నన్ను నమ్ముకుని ఉంచుకోకండి." ఏడుపు ఆపుకోవడానికి ఒక క్షణం ఆగింది. "చంటిదాని జత పూర్తి చేస్తాను. మీరు ఇంకెవరినైనా తీసుకుంటే, నాకొచ్చినంతా నేర్పేదాకా ఉంటాను. కంపెనీవాళ్ళకి కూడా ఫోన్ చేసి, ఆలస్యంగా వస్తానని చెప్పాను. వాళ్ళకి చెప్పిన ఐదేళ్ళ జవాబు నాది కాదని కూడా ఒప్పుకున్నాను. ఆలోచించి చెప్తామన్నారు. వద్దన్నా వద్దనొచ్చు."

పెద్దావిడ దారపు ఉండ పక్కకి జరిపింది.

"ఈ మాట ఆ మొదటి రోజే చెప్పుంటే నేనేం చేసేదాన్నో తెలుసా?"

"తీసుకునేవారు కాదు మేడం."

"తీసుకునేదాన్నే."

చిట్టి తలెత్తింది.

"ఆ రోజు నీ వంతు కోసం కూర్చున్నావే, అప్పుడు గీత మీద ఒక ముసలాయన నడుస్తుంటే, ఎవరూ చెప్పకుండానే లేచి నీ కుర్చీ ఆయన కుంటికాలు వైపుకి జరిపావు. పడితే పట్టుకోవడానికి. నిన్ను తీసుకోవాలని అప్పుడే అనుకున్నాను. ప్రశ్న అడిగింది నిన్ను తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి కాదమ్మాయ్. ఈ కొట్టుని ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి. ఏడాదే ఉంటాననుంటే ఏడాదికి సరిపడా ఏర్పాటు చేసుకునేదాన్ని. తెలీదంటే, తెలీదని తెలిసేది. అప్పుడే ఇంకో మనిషినీ చేర్చుకుని ఉంటే, ఈపాటికి వాళ్ళకి సగం పని వచ్చుండేది."

ఆ మాట చిట్టికన్నా ముందు మాస్టారికి తగిలింది. ఇన్నాళ్ళూ ఆ జవాబే కూతురికి ఉద్యోగం తెచ్చిపెట్టిందని పదిమంది దగ్గర చెప్పుకుని తిరిగారాయన. అది ఏమీ తేలేదు. తెచ్చుకున్నదల్లా పిల్ల తన గుణంతో తాను తెచ్చుకుంది. జవాబు చేసిందల్లా ఒకటే, చేతుల్లో సత్తువ సన్నగిల్లుతున్న మనిషి దగ్గర ఏడాది కాలం కాజేసింది. ఆయన చేతిరుమాలు కోసం జేబులు తడుముకున్నారు. దొరక్కపోతే చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకున్నారు. నలుగురిలో కూర్చోవడం ఎలాగో నేర్పే మనిషి, చిన్నపిల్లాడిలా భుజాలు ఎగిసిపడేలా ఏడ్చారు.

"ఊరుకోండి మాస్టారూ" అంది పెద్దావిడ. "నా తప్పు మాత్రం లేదా? ప్రశ్న అడిగాను గాని, ఎందుకడుగుతున్నానో చెప్పలేదు. చేతుల సంగతి చెప్తే ఎవరూ చేరరేమోనని దాచాను. నా ఐదేళ్ళు నేను దాచుకుని, పిల్ల ఐదేళ్ళు విప్పి చూపించమన్నాను." ఆవిడ చంటిదాని బూటు తీసి చిట్టివైపు జరిపింది. "షోరూమువాళ్ళకి మళ్ళీ ఫోన్ చెయ్యను. మనిషి కావాలని రేపు బోర్డు పెడదాం. వచ్చినవాళ్ళని నువ్వూ చూద్దువుగాని, నడక చూడటం నీకొచ్చుగా. ముందు ఈ కుట్టు పూర్తి చెయ్యి. నా పన్ను ఊడేట్టుంది."

నర్సుగారు ఏడుపులోనే నవ్వేసింది. చిట్టి మాత్రం నవ్వలేదు. ఆవిడ పాదాల దగ్గర నేల మీదే కూర్చుని, ఆ ఉబ్బిన వేళ్ళని రెండు చేతుల్లోకీ తీసుకుని, మొహం వాటిలో దాచుకుంది. పెద్దావిడ కాసేపు అట్లాగే ఉండనిచ్చింది.

దీపాలు పెట్టేవేళకి ఇంటిదారి పట్టారు. నర్సుగారు మందుల కొట్టు దగ్గర పనుందని వెనకబడింది. బజారు రద్దీగా ఉంది. తండ్రీ కూతుళ్ళు పక్కపక్కనే నడుస్తున్నారు.

"చిట్టీ" అన్నారు మాస్టారు. "నీకు నా మీద కోపంగా ఉందా?"

అడిగాక ఆయనకి భయం వేసింది. చిట్టి ఏమీ అనలేదు. అలవాటు ప్రకారం జవాబులు ఆయనకే తోచాయి. అదేం లేదులే నాన్నా అంటుంది. మీరు నా మంచికే చేశారు నాన్నా అంటుంది. వాటిలో ఏదో ఒకటి తానే అనేసి, ఆ మాట మీద హాయిగా ఇంటికి చేరిపోవచ్చు. పళ్ళు బిగబట్టుకుని నడిచారు. కూరల బండి దాటారు, బస్టాపు దాటారు. ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

"ఉంది నాన్నా" అంది చిట్టి. "చాలా ఉంది."

మాస్టారు తల ఊపారు. ఆ జవాబుని దిద్దలేదు.